గవ్వలదిబ్బలో ఏమీ లేదు

"ఏమీ లేదండి," అన్నాడు కోటిలింగం.

డాక్టర్ వరూధిని చేతిలోని ట్యాబ్ మీద అంకె డెబ్భై ఒకటి నుంచి డెబ్భై నాలుగుకి ఎక్కింది.

ఆమె అంకెను చూసింది, ఎదురుగా రొయ్యల చెరువు గట్టు మీద నిలబడ్డ మనిషిని చూసింది, మళ్లీ అంకెను చూసింది. ఆమె కాళ్లకు తెల్ల బూట్లున్నాయి. తెల్ల బూట్లతో రొయ్యల చెరువు గట్టెక్కిన మనిషిని గవ్వలదిబ్బ అంతవరకూ చూడలేదు కాబట్టి, ఊళ్లో సగం మంది పక్క గట్టు మీద చేరి ఆ బూట్లకేసే చూస్తున్నారు. మిగతా సగం మందికి గట్టు మీద చోటు దొరకలేదు.

"ఇంకొక్కసారి అడుగుతాను. ఆ టార్పాలిన్ కింద ఏముంది?"

"ఏముంటాది మేడమ్, ఏమీ లేదు. నాలుగు పైపులు."

నిజానికి పైపులు ఆరు. కానీ తన దగ్గరున్నదంతా చెప్పడం కోటిలింగం వంశంలో లేదు. అంకె డెబ్భై ఏడయింది.

ఆ అంకె గురించి కొంచెం చెప్పాలి. గవ్వలదిబ్బ పేరు దేశానికి తెలిసింది దానివల్లే. అంతకుముందు ఆ ఊరిని గుర్తుపెట్టుకున్నది తుపానులు మాత్రమే.

ఆ రోజులకి దేశాల మధ్య నమ్మకం పూర్తిగా అయిపోయింది. మనమేం ఆయుధాలు కొన్నామో పొరుగు దేశానికి అనుమానం, వాళ్లేం కొన్నారో మనకి అనుమానం. మంత్రుల మాట ఎవరూ నమ్మరు. గూఢచారులను పంపి చూశారు గాని, వాళ్లు కళ్లతో చూసినంత కాకుండా తమ జీతానికి తగ్గట్టు రాసేవాళ్లు. చివరికి రెండు దేశాలూ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. ఎవరేం కొన్నారో ఒక యంత్రం చెబుతుంది. దాని పేరు గీటురాయి. అది చూపించిన అంకెను రెండు వైపులా ఒప్పుకోవాలి. ఫలానా చోట ఫలానా ఆయుధాలున్నాయన్న సంగతి నూటికి తొంభై దాటితే, ఉన్నట్టే లెక్క. అప్పుడు ఎదుటి దేశం అన్నే కొనుక్కోవచ్చు, అడిగేవాడు లేడు. అంకెను మాత్రం ఏ మనిషీ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఒప్పందం రద్దు.

గీటురాయిని తయారుచేసింది ఈ వరూధినే. దానికి కళ్లున్నాయి, చెవులున్నాయి. కళ్లంటే ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు. అయితే ఆకాశం నుంచి చూస్తే టార్పాలిన్ కప్పిన ఏ వస్తువైనా టార్పాలిన్ లాగే ఉంటుంది. అందుకని ఆమె చెవుల మీద ఎక్కువ భారం పెట్టింది. ఎంత రహస్యంగా మిస్సైల్ తెచ్చినా ఆ లారీ డ్రైవరు దారిలో ఎక్కడో ఒకచోట టీ తాగుతాడు. టీ కొట్టతనికి పెళ్లాం ఉంటుంది. ఆమెకి అక్కచెల్లెళ్లుంటారు. ఈ మాటలన్నీ ఫోన్ల దగ్గర జరిగేవే, ఆ ఫోన్లే గీటురాయి చెవులు. ఎవరన్నారో యంత్రానికి అక్కర్లేదు, ఏమన్నారో చాలు.

మరి మనుషులు అబద్ధాలాడతారు కదా అంటే, దానికి ఆమె కనిపెట్టిన కిటుకే గీటురాయికి ప్రాణం. ప్రతి ఊరికీ అబద్ధమాడే తీరు ఒకటుంటుంది. ఒక ఊళ్లో పదిని ఇరవై అంటారు, మరో ఊళ్లో అయిదంటారు. ఊరు ఏమన్నది, ఆనక ఏం తేలింది, ఈ రెండూ ఏళ్ల తరబడి పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తీరు తెలిసిపోతుంది. ఈ కిటుక్కి వరూధినికి చాలా పెద్ద బహుమతి వచ్చింది. ఇచ్చినవాళ్లెవరూ గవ్వలదిబ్బ రాలేదు.

గవ్వలదిబ్బలో రొయ్యల చెరువులు తప్ప వేరే బతుకు లేదు. చెరువు కళకళలాడుతున్నప్పుడు గట్టు మీద నిలబడి పంటెట్లా ఉందని అడిగితే, యజమాని నిట్టూర్చి, "ఏముంది, ఏమీ లేదు, తెల్లమచ్చ కొట్టేసింది," అంటాడు. దిష్టి తగులుతుందని భయం. నిజంగానే తెల్లమచ్చ రోగం వచ్చి రొయ్యలు చచ్చి తేలితే మాత్రం మీసం దువ్వి, "దండిగా ఉంది," అంటాడు. లేకపోతే అప్పు మీద వచ్చే మేత బండి మర్నాటి నుంచి రాదు. ఈ మాటలనీ కోల్డ్ స్టోరేజీలు కొన్న సరుకునీ పోల్చుకుని గీటురాయి ఎప్పుడో తేల్చేసుకుంది. ఈ ఊళ్లో 'ఏమీ లేదు' అంటే దండిగా ఉంది. 'ఉంది' అంటే పోయింది. అందులో యంత్రం తప్పేమీ లేదు. ఊళ్లో చంటిపిల్లలకి కూడా ఆ సంగతి తెలుసు.

ఇక టార్పాలిన్ సంగతి. కోటిలింగానికి ఉన్నది ఒకటే చెరువు. వరసగా రెండు పంటలు పోయాయి. మూడోది నిలబడింది. ఇది కూడా పోతే చెరువు వదులుకోవలసిందేనని అతనికీ తెలుసు, భార్య రామతులసికీ తెలుసు. అందుకే ఇద్దరూ ఇల్లు తాళం పెట్టి గట్టు మీద పాకలోకి మారిపోయారు. రోగం రాలేదు గాని నీటికాకులు వచ్చాయి. తెల్లారేసరికి గుంపులుగా దిగి రొయ్యల్ని మింగేస్తున్నాయి. కోటిలింగం ఆలోచించి, విరిగిన ట్రాక్టరు ట్రక్కు మీద ఆరు లావుపాటి పైపులు ఏటవాలుగా కట్టి, గ్యాసు పెట్టి, టైమరు బిగించాడు. తెల్లవారుజామున అవి వరసగా ఢామ్మని పేలతాయి. నీటికాకులు పక్కనున్న దానియేలు చెరువుకి వెళ్లిపోతాయి. పగలంతా దాన్ని ఎవరి కంటా పడకుండా పచ్చ టార్పాలిన్ కప్పి, పైన ఒక బూడిదగుమ్మడికాయ వేలాడదీశాడు.

దానియేలు ఊరుకోలేక వచ్చి అదేమిటని అడిగాడు. పిట్టల తుపాకి అంటే వాడూ ఒకటి కట్టుకుంటాడు, నీటికాకులు తిరిగి తన చెరువుకే వస్తాయి. కోటిలింగం మొహంలో ఏమీ కనిపించనియ్యకుండా చెప్పాడు.

"మిలిటరీవాళ్లవి బావా. మిస్సైళ్లు. ఎవరికీ చెప్పమాక."

దానియేలు రహస్యం కడుపులో పెట్టుకుంటే ఆయాసం వచ్చే మనిషి. సాయంత్రం చర్చికి వెళ్లేలోపే ఆరోగ్యం కుదుటపడింది. రెండు రోజుల్లో ఊరంతా మిస్సైళ్లే. వాటిని దింపడానికి తెల్లతోలు ఇంజనీర్లు వచ్చారని, వాళ్లకి తానే చేపల పులుసు పంపానని ఒకావిడ చెప్పింది. సర్పంచి మస్తానమ్మ ఆ స్థలానికి తనే సంతకం పెట్టానంది. ఊళ్లో వానపడినా ఆవిడ సంతకం మీదే పడుతుంది. పెళ్లి సంబంధాలకి వెళ్లినవాళ్లు కూడా మాది మిస్సైళ్ల ఊరండీ అని చెప్పుకున్నారు.

ఇదంతా గీటురాయి వింది. ఊరంతా 'ఉంది, ఉంది' అంటోంది కాబట్టి లేదని తేల్చుకుంది. అప్పుడు అంకె నాలుగు. యంత్రం నూటికి నూరుపాళ్లూ సరిగ్గా ఉన్నది ఆ వారమే.

తర్వాత ఉపగ్రహానికి తెల్లవారుజామున గట్టు మీద వరసగా ఆరు మంటలు కనబడ్డాయి. సంగతేమిటో కనుక్కోమని జిల్లా నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. గవ్వలదిబ్బలో సగం చెరువులకి అనుమతి లేదు. జీపు కనబడగానే జనానికి గుర్తొచ్చింది మిస్సైళ్లు కాదు, ఆ సంగతే. ఆఫీసరు ఏమడిగినా ఊరంతటిదీ ఒకటే జవాబు. ఏమీ లేదు సార్. ఇక్కడేముంటాది సార్. మస్తానమ్మ అయితే తనకి సంతకమే రాదంది. భోజనాల వేళకి అంకె యాభై దాటింది. కొత్తగా మిస్సైళ్లేమీ కొనలేదని మంత్రిగారు సభలో ప్రకటించారు. అది నిజమే. మంత్రుల మాటకి గీటురాయి విలువ కట్టడం ఎప్పుడో మానేసింది.

అలా వరూధిని తెల్ల బూట్లతో రావలసి వచ్చింది.

అంకె డెబ్భై ఏడు దగ్గర నిలిచాక ఆమె స్వయంగా టార్పాలిన్ ఎత్తి చూసింది. పైపుల్లో చెయ్యి పెట్టి చూసింది. గ్యాసు సిలిండరు చూసింది, వంటింటిదే. గుమ్మడికాయ ఆమె తలకి తగిలింది. వెళ్లి ట్రక్కు అంచున కూర్చుంది.

రామతులసి గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. వరూధిని తాగి, యంత్రం పనిచేసే తీరు వాళ్లిద్దరికీ తెలిసేలా ఓపిగ్గా చెప్పింది. చెబుతుంటే తన గొంతు తనకే కొత్తగా వినబడినట్టుంది, మధ్యమధ్య ఆగిపోయింది. కోటిలింగం అంతా విన్నాడు.

"మీ కళ్లతో చూశారు గదమ్మా. అదే చెప్పండి దానికి."

"నేను చూశానని చెప్పడానికి అందులో చోటు లేదండీ."

"మీరు చేసిందే గదా. మీ మాట వినదా?"

"ఎవరి మాటా వినకూడదనే చేశాను," అంది వరూధిని.

రామతులసి ఖాళీ గ్లాసు అందుకుంటూ అడిగింది.

"ఆ అంకె తొంభై దాటితే మాకేమవుద్దమ్మా?"

"ఏమీ కాదు," అంది వరూధిని.

రామతులసి గవ్వలదిబ్బలో పుట్టి గవ్వలదిబ్బలోనే కాపురం చేస్తున్న మనిషి. ఆ మాట వినగానే ఆమె మొహం పాలిపోయింది.

ఆ సాయంత్రం ఊరు కూర్చుంది. 'లేదు' అంటే పెరుగుతోంది కాబట్టి 'ఉంది' అనాలని కోటిలింగం నచ్చజెప్పబోయాడు. అందరూ మొదట్లోలాగే గొప్పలు చెప్పుకుంటే చాలన్నాడు. అడక్కుండానే గొప్పలు చెప్పుకునే ఊరు, చెప్పుకోండి అని బతిమాలితే మాత్రం బిగుసుకుపోయింది. చెరువులవాళ్లు సగం మంది 'ఉంది' అనడానికి ఒప్పుకున్నారు. మిగతా సగం మంది, రేపు అనుమతి లేని చెరువుల గురించి అడిగితే ఈ 'ఉంది' తమ మెడకి చుట్టుకుంటుందని 'లేదు' దగ్గరే నిలబడ్డారు. దానియేలు రెండూ అన్నాడు. కోటిలింగం పైపులు ఊడదీసి ముక్కలు కోసి పాక వెనక పడేశాడు. నీటికాకులు తిరిగొచ్చినా సరే అనుకున్నాడు.

గీటురాయి కళ్లు చూశాయి, టార్పాలిన్ కింద ఉన్నదాన్ని ఎక్కడికో తరలించారని. చెవులు విన్నాయి, ఒక్క పూటలో ఊరు మాట మార్చిందని, అదీ రాజధాని నుంచి మనిషి వచ్చి వెళ్లాక అని. మాట నేర్పించారంటే దాచడానికి పెద్దదే ఉండాలి. ఇంత పెద్ద సైంటిస్టు పనిగట్టుకుని ఒక రొయ్యల చెరువు చూడ్డానికి రావడం కూడా లెక్కలోకి వచ్చింది. అంకె తొంభై మూడు దగ్గర ఆగింది.

పొరుగు దేశం హక్కు ప్రకారం ఆరు మిస్సైళ్లు కొని సరిహద్దులో నిలబెట్టింది. నిజమైనవి.

ఇప్పుడు మన దేశానికి నిజంగానే ఆరు కావలసి వచ్చాయి. కొన్నారు. కొన్నాక ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. మంచి మంచి కొండలున్నాయి, ఎడారులున్నాయి. కానీ లెక్క ప్రకారం మన ఆరూ అప్పటికే గవ్వలదిబ్బలో, కోటిలింగం చెరువు గట్టు మీద ఉన్నాయి. వేరే చోట పెడితే ఆరూ ఆరూ పన్నెండవుతాయి, ఒప్పందం చెడుతుంది. శాంతి కోసం అవి అక్కడే ఉండి తీరాలని పెద్దలు తేల్చారు.

చెరువు ఖాళీ చెయ్యాలని చెప్పడానికి వచ్చిన యువ అధికారి మర్యాదస్తుడు. కోటిలింగం అతన్ని ఒకటే కోరాడు. రొయ్య ఇంకా ఎదగలేదు, ఇంకొక్క నెల ఆగితే పట్టుబడి చేసుకుని తనే తాళాలిచ్చి పోతానన్నాడు. అసలు లోపల పంట ఉందా అని అధికారి అడిగాడు. కోటిలింగం నోరు తెరిచాడు. యాభై ఏళ్ల అలవాటు గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగేసి, జీవితంలో మొదటిసారి చెరువు గట్టు మీద నిలబడి నిజం చెప్పాడు.

"ఉంది సార్. దండిగా ఉంది."

అధికారి పక్కనున్న గుమాస్తా జిల్లాలో పాతకాపు. ఈ ఊళ్లో ఉంది అంటే ఏమిటో ఆయనకి బాగా తెలుసు. అధికారి చెవిలో ఏదో చెప్పాడు. మర్నాడే తూము ఎత్తేశారు.

నీళ్లు పోతుంటే రామతులసి తూము దగ్గర కూర్చుంది. అడుగు తేలేసరికి బురదనిండా రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి. అన్ని ఉన్నాయని వాళ్లకి కూడా తెలియదు. లెక్క చూసుకుంటే దిష్టి అని వాళ్లెప్పుడూ వల వేసి చూసుకోలేదు. ఆమె బురదలోకి దిగి చీర కొంగులో ఎత్తుతూ పోయింది. కొంగులో పట్టేవెన్ని. ఈలోగా నీటికాకులు వచ్చాయి. ఒకటి వచ్చింది, పది వచ్చాయి, తర్వాత ఆకాశం నల్లబడింది. వాటిని బెదరగొట్టడానికి గట్టు మీద ఇప్పుడేమీ లేదు. కోటిలింగం కేకలేస్తూ చేతులాడిస్తూ ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తాడు. కాసేపటికి ఆగిపోయాడు. చూస్తున్న ఊరివాళ్లలో ఒక్కరు కూడా వేళాకోళం చెయ్యలేదు. గవ్వలదిబ్బ చరిత్రలో అలాంటి రోజు మరొకటి లేదు.

మిస్సైళ్ల చుట్టూ మనుషులు ఉండకూడదని నిబంధన. ఊరిని మొత్తం సముద్రానికి ఆమడ దూరంలో, ఒక రాళ్ల గుట్ట కింద కట్టిన రేకుల కాలనీలో దింపారు. అక్కడ చెరువులేమీ లేవు. కాబట్టి దిష్టి భయమూ లేదు, దాచుకోవలసిన అవసరమూ లేదు. జనం పొద్దస్తమానం నిజమే మాట్లాడారు. మా గట్ల మీద మిస్సైళ్లున్నాయి, ఆరున్నాయి, తాటిచెట్టంత ఉన్నాయి అని ఫోన్లలో చుట్టాలకి చెప్పుకుని ఏడ్చారు.

గీటురాయి అంతా వింది. ఊరు మారినా మనుషులు వాళ్లే, మాట తీరు వాళ్లదే. అంకె తొంభై మూడు నుంచి అరవైకి, ముప్ఫైకి, పదికి దిగింది. గవ్వలదిబ్బలో ఆయుధాలు తొలగించినట్టు యంత్రం ధ్రువీకరించిందని రెండు దేశాల్లోనూ వార్త వచ్చింది. ఒప్పందం ఫలించినందుకు రాజధానిలో సభ జరిగింది. వరూధినిని పిలిచి శాలువా కప్పారు.

ఆమె ఆ శాలువా కారులోనే వదిలేసి కాలనీకి వచ్చింది. ఈసారి కాళ్లకి మామూలు చెప్పులున్నాయి. కోటిలింగం రేకుల ఇంటి ముందు అరుగు లేదు, రామతులసి ఒక రాయి చూపించి కూర్చోమంది. మజ్జిగ ఇవ్వలేకపోయింది.

"పద్ధతి ప్రకారం అడగాలండీ," అంది వరూధిని ట్యాబ్ తీస్తూ. "మీ చెరువు గట్టు మీద ఏముంది?"

"మిస్సైళ్లున్నాయమ్మా," అన్నాడు కోటిలింగం. "ఆరు."

అంకె తొమ్మిది నుంచి ఎనిమిదికి దిగింది. ముగ్గురూ చూశారు.

వరూధిని మిగతాది కూడా చెప్పేసింది. యంత్రం లెక్కలో మన దగ్గర ఇప్పుడు ఒక్కటీ లేదు, వాళ్ల దగ్గర ఆరున్నాయి. అందుకని ఇంకో ఆరు కొనుక్కునే హక్కు మనకి వచ్చింది. కొనబోతున్నారు. గట్టు మీదవి గట్టు మీదే ఉన్నాయని తను పైవాళ్లకి చెప్పింది. వాళ్లకీ తెలుసు. అంకె అంకేనన్నారు.

"అయితే ఊరంతా ఏమీ లేదని చెప్పమంటారా? అప్పుడు నమ్ముద్ది గదా."

"నమ్ముతుంది. కానీ ఒకసారి తొలగించినట్టు రాసుకున్నారు కదండీ. మళ్లీ తొంభై దాటితే కొత్తగా ఆరు కొన్నట్టు లెక్క. అప్పుడు వాళ్లు ఇంకో ఆరు కొంటారు."

"అసలు నోరు మూసుకుంటే?"

"దాస్తున్నారని పెరుగుతుంది."

కోటిలింగం కొత్తవి ఎక్కడ పెడతారని అడిగాడు. దానియేలు చెరువులోనని వరూధిని చెప్పింది. పక్క రేకుల ఇంట్లో దానియేలు ఫోన్లో ఎవరికో మిస్సైళ్ల పొడవు చెబుతున్నాడు. ఆ గొంతు వినబడుతూనే ఉంది.

"మీరేమంటే మంచిదో నాకు తెలియడం లేదండీ," అంది వరూధిని. లేచి కారెక్కింది.

కారు గుట్ట మలుపు తిరిగిందో లేదో రామతులసి తమ్ముడు బాపనయ్య వచ్చాడు. ఇతరుల ఇళ్ల ముందు కారు ఆగితే అతనికి అన్నం సహించదు. రాయి మీద కూర్చుని, చల్లగా అడిగాడు.

"పెద్ద కారే వచ్చింది. పరిహారమేనా బావా? ఏమాత్రం ముట్టింది?"

కోటిలింగం నెత్తి మీద రేకుని చూశాడు, భార్యని చూశాడు, తన ఒట్టి చేతుల్ని చూసుకున్నాడు.

"ఏమీ లేదురా. ఏమీ ఇవ్వలేదు. ఏమీ మిగల్లేదు."

బాపనయ్య నవ్వాడు. అటూ ఇటూ చూసి, బావ భుజం తట్టి, గొంతు తగ్గించాడు.

"సర్లే బావా, నాకు తెలవదా. నేనెవరితోనూ అనన్లే."

దీపాలు పెట్టే వేళకి కోటిలింగం పట్నంలో రెండంతస్తుల మేడ కొన్నాడని కాలనీలో అందరికీ తెలిసిపోయింది. పొద్దున్నే రామతులసి తలుపు తీసేసరికి దానియేలు భార్య స్టూలు వేసుకుని నిలబడి వాళ్ల గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కడుతోంది. అంత కలిసొచ్చినవాళ్లకి దిష్టి తగలకూడదని, ఊరు మీద మమకారంతో, ఆమె దాన్ని ఎంతో దూరం నడిచి వెళ్లి తెచ్చింది.